సింగిల్ మాల్ట్ బీరు రుచి ఎలా చూడాలి: హైదరాబాద్ బ్రూపబ్‌లకు వెళ్లేవాళ్ల కోసం

మన దగ్గర బార్‌లో కూర్చోగానే నోటికొచ్చే మొదటి మాట ‘చిల్డ్ ఉందా?’. మే నెల ఎండలో ఆ మాటకి వంక పెట్టలేం. కానీ ఒకే ఒక్క రకం మాల్ట్‌తో చేసిన క్రాఫ్ట్ బీరు తాగబోతున్నప్పుడు మాత్రం ఆ చల్లదనమే అడ్డం పడుతుంది. ఈ బీరులో తెలుసుకోవాల్సిందంతా మాల్ట్ గురించే. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, వాసనలు గ్లాసులోంచి పైకి లేవవు. అందుకే చాలామంది మొదటి గుటక వేసి ‘ఏముంది ఇందులో, సప్పగా ఉంది’ అని పక్కన పెట్టేస్తారు. అదే గ్లాసు పావుగంట ఆగి తాగితే వేరే బీరులా ఉంటుంది. ఆ పావుగంటలో ఏమేం చేయాలో వరసగా చెబుతాను.

ముందు గ్లాసులో ఏముందో తెలుసుకోండి

బార్లీ గింజల్ని నానబెట్టి, మొలక తలెత్తగానే వేడిగాలి పట్టించి ఆరబెడితే మాల్ట్ తయారవుతుంది. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు. మామూలు క్రాఫ్ట్ బీరులో తరచూ మూడు నాలుగు రకాల మాల్ట్ పడతాయి. అసలు బలమంతా ఒక లేత రంగు బేస్ మాల్ట్‌ది, తీపికీ రంగుకీ కారమెల్ మాల్ట్, నల్లదనానికి మాడేదాకా వేయించిన మాల్ట్, నురగ నిలబడటానికి కాస్త గోధుమ. బాటిల్ లాగర్లలో (చల్లగా, నిదానంగా పులియబెట్టే బీర్లు) చాలావాటిలో బియ్యమో మొక్కజొన్నో కూడా కలుపుతారు. సింగిల్ మాల్ట్ బీరులో ఇవేవీ ఉండవు, ఆ బేస్ మాల్ట్ ఒక్కటే. దాంతోపాటు హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పువ్వులు) కూడా ఒకే రకం వాడితే బ్రూయర్లు దాన్ని ‘స్మాష్’ అంటారు, అంటే సింగిల్ మాల్ట్, సింగిల్ హాప్. విస్కీ సీసా మీద కనిపించే సింగిల్ మాల్ట్‌తో దీనికి పోలిక లేదు. అక్కడ ఒకే డిస్టిలరీలో, మాల్ట్ చేసిన బార్లీతో తయారైందని లెక్క.

మీ గ్లాసులోకి వచ్చే అవకాశం ఉన్న బేస్ మాల్ట్‌లు ముఖ్యంగా నాలుగు. వాటి తేడా ఎక్కువగా ఆరబెట్టేటప్పుడు ఎంత వేడి తగిలిందన్న దాంట్లో ఉంటుంది. పిల్స్నర్ మాల్ట్‌ని చివర్లో 80 నుంచి 85 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఆపేస్తారు. అందుకే గడ్డి రంగులో, పచ్చి పిండి, తేనె, బ్రెడ్ లోపలి మెత్తటి భాగం గుర్తొచ్చేలా ఉంటుంది. మ్యూనిక్ మాల్ట్‌కి 100 డిగ్రీలు దాటే వేడి తగులుతుంది. దాని రంగు రాగి వైపు తిరుగుతుంది, బ్రెడ్ పైపెచ్చు వాసన వస్తుంది. వియన్నా ఈ రెండింటి మధ్యది, లేతగా టోస్ట్ చేసిన బ్రెడ్ అనుకోండి. నాలుగోది ఇంగ్లండ్ వాళ్ల పేల్ మాల్ట్. అందులో పేరున్న బార్లీ రకం మారిస్ ఆటర్, 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో రూపొందించారు. బిస్కెట్ వాసన, కాస్త పల్లీ ఛాయ దాని గుర్తులు.

వియన్నా, మ్యూనిక్ మాల్ట్‌ల వెనక ఒక సరదా కథ ఉంది. వియన్నాకి చెందిన ఆంటోన్ డ్రెహర్, మ్యూనిక్‌కి చెందిన గాబ్రియెల్ సెడ్ల్‌మయర్ 1833లో బ్రిటన్ బ్రూవరీలు చూడటానికి వెళ్లారు. లోపల బోలుగా ఉన్న చేతికర్ర ఒకటి పట్టుకెళ్లి, ఎవరూ చూడకుండా తొట్లలో ముంచి శాంపిల్స్ ఎత్తుకొచ్చేవారు. అక్కడ నేర్చుకున్న మాల్ట్ విద్యతోనే డ్రెహర్ 1841లో వియన్నా లాగర్ దించాడు. మరుసటి ఏడాది, 1842లో, ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ ఒకే లేత మాల్ట్, అక్కడి సాజ్ హాప్స్‌తో మొదటి పిల్స్నర్ చేశాడు. అంటే స్మాష్ అనే పేరు ఈమధ్య పుట్టిందే గానీ పని పాతదే.

ఏది అడగాలి, ఎలా అడగాలి

తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు బ్రూపబ్‌లు, అంటే అక్కడే బీరు తయారుచేసి పోసే పబ్‌లు, వరసగా వచ్చాయి. వాటి మెనూలో ‘సింగిల్ మాల్ట్’ అని రాసి ఉండటం అరుదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

ముందు మనకి పనికిరానివాటిని తీసేయండి. మన ఊళ్లో ఎక్కువగా అమ్ముడయ్యే హెఫెవైజెన్‌లో గోధుమ మాల్ట్ సగమన్నా ఉంటుంది, మిగతాది బార్లీ, కాబట్టి అది లెక్కలోకి రాదు. బెల్జియన్ విట్‌లో గోధుమలతో పాటు ధనియాలు, నారింజ తొక్క కూడా పడతాయి. స్టౌట్ సంగతి ఇంకా స్పష్టం. గింజలోని పిండిని చక్కెరగా మార్చేది మాల్ట్‌లో ఉండే ఎంజైములు. మాడేదాకా వేయించిన మాల్ట్‌లో అవి చచ్చిపోతాయి, దాంతో ఒక్కదానితో బీరు కాదు. కాబట్టి నల్లటి బీరు తెచ్చిపెట్టి ‘సింగిల్ మాల్ట్ సర్’ అంటే నమ్మకండి. ఒకే మాల్ట్‌తో వచ్చే రంగులు గడ్డి పసుపు నుంచి, ముదురు మ్యూనిక్ అయితే రాగి, గోధుమ రంగు దాకా, అంతే.

మిగిలినవి పిల్స్నర్, హెల్లెస్, కోల్ష్, వియన్నా లాగర్, డుంకెల్, మెనూలో ఉంటే స్మాష్ పేల్ ఏల్ (ఏల్ అంటే లాగర్ కన్నా వెచ్చగా, త్వరగా పులియబెట్టే బీరు). ఇవన్నీ సింగిల్ మాల్ట్ కావాలని లేదు గానీ అయ్యే అవకాశం వీటిలోనే ఎక్కువ. సర్వర్‌ని ‘అన్నా, ఈ లాగర్‌లో ఏ మాల్ట్ వేస్తారు, ఒకటేనా, కలుపుతారా?’ అని అడగండి. ‘జర్మన్ స్టైల్ సర్, స్మూత్ ఉంటది’ అని జవాబొస్తే ఆయన తప్పు కాదు, ఆయనకి అంతే చెప్పి ఉంటారు. ‘బ్రూయర్ ఉంటే ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?’ అనండి. ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్లు ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మాట్లాడతారు. మొహమాటపడకండి.

వెళ్లే రోజు కూడా చూసుకోండి. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు డీజే మోతలో పక్కవాడి మాటే వినపడదు, ఇక రుచి మీద ధ్యాస ఎక్కడ నిలుస్తుంది? మామూలు రోజు సాయంత్రం నాలుగైదు గంటలకు వెళ్తే టేబుల్ దొరుకుతుంది, బ్రూయర్ కూడా ఖాళీగా ఉంటాడు. తెలంగాణలో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్లు, ఆధార్ అడిగితే చిరాకు పడకండి.

నోరు సిద్ధం చేసుకోండి

మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. బీరు రాకముందే చికెన్ 65, అపోలో ఫిష్, మసాలా పల్లీలు టేబుల్ నిండిపోతాయి. కారం నోటిని మండిస్తుంది, బీరులోని గ్యాస్ ఆ మంటని ఎగదోస్తుంది, హాప్స్ చేదు ఇంకా గరుకుగా తగులుతుంది. ఈ గొడవలో మాల్ట్ లాంటి నెమ్మదస్తుడి మాట ఎవరికీ వినపడదు. స్టార్టర్లు ఆర్డర్ ఇవ్వండి గానీ ‘అరగంట ఆగి తెండి’ అని చెప్పండి. ఈలోగా ఆకలేస్తే ఉత్త బ్రెడ్ ముక్కో, ఉప్పు కారం లేని పల్లీలో చాలు. మంచినీళ్లు మాత్రం దగ్గర పెట్టుకోండి, ఐసు లేకుండా.

వెళ్లేముందు గంటసేపు ఇరానీ చాయ్, కాఫీ, సోంపు, పాన్ మసాలా వద్దు. సెంటు, అత్తరు కూడా ఆ పూటకి మానేయండి. మీది మీకు తెలియదు గానీ ఎదురుగా కూర్చున్నవాళ్ల ముక్కుకి గ్లాసులోంచి మీ అత్తరే వస్తుంది.

కుదిరితే గింజ నమిలి చూడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో మాత్రం మొత్తం పద్ధతిలో దీని విలువే ఎక్కువ. బ్రూయర్ దొరికితే ఆ బీరులో వేసిన మాల్ట్ గింజలు పిడికెడు ఇవ్వమనండి. కొన్నిచోట్ల గాజు సీసాల్లో పోసి కౌంటర్ మీదే పెడతారు.

చూడటానికి పొట్టుతో ఉన్న బార్లీయే. ఒక గింజ ముందు పళ్ల మధ్య పెట్టి కొరకండి. పచ్చి బార్లీ అయితే రాయిలా ఉంటుంది, ఇది పటుక్కున విరిగి లోపల తెల్లటి పొడి రాలుతుంది. ఇప్పుడు నాలుగైదు గింజలు నోట్లో వేసుకుని నిదానంగా నమలండి. మొదట పొట్టు గరుకుగా తగులుతుంది, పిండి రుచి వస్తుంది. నమిలేకొద్దీ లాలాజలంతో కలిసి తీపి తేలుతుంది. చిన్నప్పుడు హార్లిక్స్ పొడి స్పూనుతో దొంగచాటుగా తిన్నవాళ్లకి ఆ రుచి ఇట్టే గుర్తొస్తుంది, అందులో ఉండేదీ మాల్ట్ చేసిన బార్లీయే. ఆఖర్న పొట్టు మిగిలి కొంచెం వగరు అంటుకుంటుంది, దాన్ని ఉమ్మేయండి. ఈ మూడు రుచులూ, అంటే పిండి, తీపి, వగరు, వచ్చిన వరస మనసులో పెట్టుకోండి. కాసేపట్లో గ్లాసులో వెతకబోయేది వీటినే.

నీళ్లతో నోరు పుక్కిలించి అప్పుడు బీరు తెప్పించుకోండి.

గ్లాసు, నురగ, రంగు

ఐసు పట్టిన గ్లాసు తెస్తే మార్చమనండి. మామూలు శుభ్రమైన గ్లాసు, చిన్నదైతే ఇంకా మంచిది. చాలా బ్రూపబ్‌లలో నాలుగైదు రకాలు చిన్న గ్లాసుల్లో చెక్క పలక మీద పెట్టి ఇచ్చే శాంప్లర్ దొరుకుతుంది. అందులో ఒకటి సింగిల్ మాల్ట్, పక్కన అదే ఇంటి గోధుమ బీరు ఉంటే పోల్చడం తేలిక. తాగే వరస లేత రంగు నుంచి ముదురుకి, తక్కువ చేదు నుంచి ఎక్కువకి.

బీరు పోశాక గ్లాసు గోడలకి లోపల బుడగలు అతుక్కుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదని అర్థం. సబ్బు, నూనె మిగిలితే నురగ కూడా చప్పున చచ్చిపోతుంది. రెండు వేళ్ల మందం నురగ లేచి, తాగుతున్నకొద్దీ గోడల మీద చారలు వదిలితే అంతా బాగున్నట్టే. రంగుని తెల్ల కాగితమో టిష్యూయో వెనక పెట్టి చూడండి, పబ్ దీపాల కింద అన్నీ తేనె రంగులోనే కనిపిస్తాయి. ఫిల్టర్ చేయని బీరు మసకగా ఉంటుంది, అది లోపం కాదు.

మొదటి విడత: ముక్కు

గ్లాసు రాగానే తాగకండి. నురగ ఇంకా ఉండగానే రెండు మూడు సార్లు చిన్నగా, కుక్కపిల్ల మూచూసినట్టు, వాసన పీల్చండి. ఒకేసారి గట్టిగా లాగితే ముక్కు త్వరగా అలవాటుపడిపోతుంది. తర్వాత గ్లాసు మూతిని అరచేత్తో మూసి, మెల్లగా గుండ్రంగా తిప్పి, చెయ్యి తీసి ఒక్కసారి దీర్ఘంగా పీల్చండి. ముక్కు మొద్దుబారిందనిపిస్తే మీ చొక్కా చేతిని వాసన చూసుకోండి, మళ్లీ దారిలో పడుతుంది.

ముందుగా వచ్చేది చాలాసార్లు హాప్స్ వాసన. సాజ్ అయితే ఆకు, మసాలా ఛాయ. కాస్కేడ్ అయితే నిమ్మజాతి పండ్ల తొక్క. సిట్రా అయితే మామిడి, లీచీ. స్మాష్ పేల్ ఏల్‌లో సిట్రా పడిందంటే మాల్ట్ వాసన దాని కింద నలిగిపోతుంది, అక్కడ ముక్కుతో వెతికి లాభం లేదు, మింగాక చూసుకోవాలి. అందుకే మాల్ట్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఏల్ కన్నా లాగర్‌తో మొదలుపెట్టడం మంచిదంటాను. లాగర్ ఈస్ట్ చల్లగా, నిదానంగా పనిచేస్తుంది, అరటిపండు లాంటి సొంత వాసనలు పెద్దగా కలపదు.

రెండో విడత: నోరు

గుటక మరీ చిన్నది వద్దు, నోరంతా తడవాలి. రెండు మూడు సెకన్లు నాలుక మీద తిప్పి మింగేయండి. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మేయకూడదు. మింగిన వెంటనే నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. గొంతు వెనక నుంచి ముక్కులోకి వాసన ఎదురెక్కుతుంది. మాల్ట్ అసలు రూపం చూపించేది అప్పుడే. పొయ్యి మీద రొట్టె కాలుతున్న వాసనా, బిస్కెట్టా, ఉత్త పిండా అన్నది ఆ ఒక్క ఊపిరిలో తేలిపోతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే సంగతి ఒకటుంది. వాసన తీపిగా వస్తుంది, నోట్లో మాత్రం తీపి ఉండదు. మాల్ట్‌లోని చక్కెరలో చాలా భాగాన్ని ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది కదా. మిగిలిన కాస్త చక్కెర వల్ల బీరుకి మందం వస్తుంది. నీళ్లలా జారిపోయిందా, నాలుక మీద కాసేపు నిలిచిందా చూడండి. పొడి చేసిన మాల్ట్‌ని బ్రూయర్ 63, 64 డిగ్రీల నీళ్లలో నానబెడితే బీరు పలచగా, పొడిగా దిగుతుంది. 68, 69 డిగ్రీలైతే చిక్కగా ఉంటుంది. ఒకే మాల్ట్, ఒకే హాప్ అయినా రెండు పబ్‌ల బీరు ఒకలా ఉండకపోవడానికి ఇదొక కారణం.

మూడో విడత: ఆగడం

రెండు గుటకల తర్వాత గ్లాసు కింద పెట్టేయండి. ట్యాప్ నుంచి వచ్చినప్పుడు బీరు 4 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. లేత లాగర్‌కి 7, 8 డిగ్రీలు, మ్యూనిక్ మాల్ట్ బీరుకి 10 డిగ్రీల దగ్గర మాల్ట్ బాగా తెలుస్తుంది. ఏసీ గదిలో చిన్న గ్లాసుకి పది, పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఎండాకాలం సాయంత్రం బయట టెర్రస్ మీద కూర్చుంటే అందులో సగం చాలు. తొందరైతే రెండు అరచేతుల మధ్య పట్టుకోండి.

ఈలోగా మొదటి విడత గురించి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. ‘క్రిస్ప్, స్మూత్’ లాంటి మెనూ మాటలు వద్దు, అవి దేనికైనా అతుకుతాయి. మన వంటింటి మాటలు ఇంకా పదును: కమ్మగా, వగరుగా, పచ్చివాసన, దోరగా వేగిన వాసన, మాడు వాసన. రుచి చూసిన ఇద్దరూ పైకి చెప్పుకోకుండా ముందు రాసుకోవాలి. ఒకళ్లు ‘తేనె’ అన్నారంటే పక్కవాళ్లకి కూడా తేనె వచ్చేస్తుంది.

తర్వాత మళ్లీ వాసన, మళ్లీ గుటక. చల్లగా ఉన్నప్పుడు ముందుకొచ్చిన చేదు, గ్యాస్ ఇప్పుడు వెనక్కి తగ్గి, మధ్యలో బ్రెడ్, బిస్కెట్ రుచి వెడల్పుగా తెలుస్తుంది. ఇక స్టార్టర్లు తెమ్మనొచ్చు. మ్యూనిక్ మాల్ట్ డుంకెల్ దొరికి, మెనూలో పత్తర్ కా గోష్త్ కూడా ఉంటే రెండూ కలిపి ప్రయత్నించండి. రాయి మీద కాలిన మాంసం అంచు, వేడికి రంగు తిరిగిన మాల్ట్ ఒకే వైపు నుంచి వచ్చిన రుచులు. మిర్చీ బజ్జీతో మాత్రం ఏ సింగిల్ మాల్టూ నిలబడదు.

లోపాలు పట్టుకోవడం

ఈ బీరు చేయడం పైకి కనిపించినంత తేలిక కాదు. కారమెల్ మాల్ట్ వెనకో, మామిడి గుజ్జు వెనకో దాక్కునే తప్పులు ఇక్కడ బట్టబయలు అవుతాయి. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే అది ఎక్కువగా పిల్స్నర్ మాల్ట్ నుంచి వచ్చేదే. బాగా మరిగిస్తే పోతుంది, లేత లాగర్‌లో లీలగా ఉంటే సర్దుకోవచ్చు. సినిమా హాలు బటర్ పాప్‌కార్న్ వాసన, పచ్చి ఆపిల్ వాసన వస్తే చాలావరకు బీరు పూర్తిగా పక్వానికి రాకముందే ట్యాంకులోంచి తీసినట్టు. తడిసిన అట్టపెట్టె వాసన గాలి తగిలి పాతబడినదానికి గుర్తు. ఊహించని పులుపు, దాంతోపాటు వెన్న వాసన కలిసి వస్తే ట్యాప్ పైపులు శుభ్రంగా లేవేమో అని అనుమానించొచ్చు. గొడవ పెట్టుకోకుండా ‘ఇది కొంచెం తేడాగా ఉంది, ఒకసారి బ్రూయర్‌ని రుచి చూడమంటారా?’ అనండి. మంచి చోటైతే మారు మాట్లాడకుండా మార్చిస్తారు.

బండి సంగతి

5 శాతం బీరు 330 మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి 13 గ్రాముల ఆల్కహాల్ వెళ్తుంది. చిన్న శాంప్లర్లే కదా అని నాలుగైదు తాగితే అంతకు మించుతుంది. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. ఎంత తాగితే దాటుతుందో లెక్కలు వేసుకునే బదులు బండి ఇంట్లో పెట్టి రండి. మాదాపూర్, రాయదుర్గం వైపు వెళ్తే మెట్రో ఉంది, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కీ ఉంది, ఆలస్యమైతే క్యాబ్.

తాగకుండానే నేర్చుకోవాలంటే

మాల్ట్ రుచి నేర్చుకోవడానికి బీరే అక్కర్లేదు. మాల్ట్ తయారీ కంపెనీలూ, బ్రూయర్లూ వాడే హాట్ స్టీప్ అనే పద్ధతి ఇంట్లో చేసుకోవచ్చు. బేస్ మాల్ట్ 50 గ్రాములు మిక్సీలో పిండిలా పట్టండి. 65 డిగ్రీలకి కాచిన నీళ్లు దాదాపు 400 మిల్లీలీటర్లు, పిండి కలిపి ఫ్లాస్కులో పోసి, మూత బిగించి బాగా ఊపి, 15 నిమిషాలు వదిలేయండి. థర్మామీటర్ తప్పనిసరి, నీళ్లు మరిగితే ఎంజైములు పనిచేయవు, గంజి మిగులుతుంది. తర్వాత కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. దిగే తియ్యటి నీళ్లలో ఆల్కహాల్ ఉండదు, పిల్లలు కూడా రుచి చూడొచ్చు. పిల్స్నర్‌తో ఒక గ్లాసు, మ్యూనిక్‌తో ఒక గ్లాసు చేసి పక్కపక్కన పెట్టుకుంటే తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. చల్లారాక అదే పూట తాగేయండి, మన వాతావరణంలో మర్నాటికి పులిసిపోతాయి.